ఆరంభం తరువాత: ఆరుబయలు విద్యాసేవలో సంవత్సర మధ్యకాలం

ఆరంభశూరత్వమనే మాటను మన తెలుగువారికి ఎవరు అంటగట్టారో గాని, కళాశాలల సేవా కార్యక్రమాలను చూచినప్పుడు అందులో కొంత నిజం లేకపోలేదనిపిస్తుంది. జూలై మాసంలో పేర్లు నమోదు చేసుకొనుటకు విద్యార్థులు పోటీ పడతారు. ఆగస్టులో మొక్కలు నాటుతారు, ఛాయాచిత్రాలు దిగుతారు. డిసెంబరు వచ్చేసరికి వారిలో చాలామంది కనిపించరు. కనిపించినవారి ముఖాలలో కూడ తొలినాటి కళ ఉండదు. దీనిని యువకుల సోమరితనమని ఒక్కమాటతో కొట్టివేయడం పెద్దలకు అలవాటు. కాని అదే యువకుడు పరీక్షల ముందు రాత్రంతా మేలుకొని చదువుతాడు, చెల్లెలి పెండ్లికి వారం రోజులు నిద్ర లేకుండ పనిచేస్తాడు. కనుక లోపం శక్తిలో లేదు. అది పనిని ఏర్పరచిన విధానంలో ఉన్నదేమో విచారించవలసి ఉన్నది.

ఆరుబయలు విద్య మన దేశానికి కొత్త కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సమావేశం అనంతరం డాక్టరు జాకిర్ హుస్సేన్ అధ్యక్షుడుగా ఒక సంఘం ఏర్పడింది. బాలుని విద్య చేతిపనితోను, చుట్టూ ఉన్న ప్రకృతితోను, సమాజంతోను ముడిపడి ఉండవలెనని ఆ సంఘం ప్రతిపాదించింది. హైదరాబాదులో 1897లో జన్మించిన ఆ మహనీయుడు భారత రాష్ట్రపతిగా ఉంటూ 1969 మే నెలలో కన్నుమూశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 24వ తేదీన, గాంధీ శతజయంతి సందర్భమున, జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైనది. నేడు మన విద్యార్థులు పొరుగు ప్రాథమిక పాఠశాలల పిల్లలను చెరువు గట్లకు, తోటలకు, కొండ పాదాలకు తీసుకొనిపోయి పాఠాలు చెప్పడం ఎక్కువగా ఈ పథకం క్రిందనే జరుగుతున్నది.

ఈ పథకంలో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల సేవ చేయవలెను. వారానికి మూడు గంటల చొప్పున లెక్కిస్తే నలభై వారాలు. ఇరవయ్యవ వారం నాటికి సగం పని పూర్తి అయినట్లు. లెక్క ఇంత సులభంగా ఉండగా మనసు ఎందుకు బరువెక్కుతుంది?

మొదటి కారణం కొత్తదనం కరిగిపోవడం. తిరుపతి నుండి తిరుమలకు పోయే ఘాట్ రోడ్డు ప్రక్కన, కొండ కోతలో, భూగర్భ శాస్త్రజ్ఞులు అపురూపమైనదిగా ఎంచిన ఒక చోటున్నది. క్రింద అతి ప్రాచీనమైన గ్రానైటు శిల. దానిపై ఇసుక పేరుకొని గట్టిపడిన, ఎంతో తరువాతి కాలపు క్వార్ట్‌జైటు శిల. రెంటి మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల చరిత్రకు సంబంధించిన రాతిపొర లేదు. పుస్తకంలో పుటలు చిరిగిపోయినట్లు అంతటి కాలం ఒక గీతగా మాత్రమే కనిపిస్తుంది. పిల్లలకు దానిని మొదటిసారి చూపినప్పుడు నోరు తెరచి చూస్తారు. రెండవసారి తీసుకొనిపోతే, తిరుగు బస్సు ఎప్పుడని అడుగుతారు. చెప్పేవాడికి కూడ రెండవసారి అదే మాట అదే గొంతుతో రాదు. ఆశ్చర్యం మీద కట్టిన కార్యక్రమం ఒక్క పూటకు సరిపోతుంది గాని ఏడాదికి సరిపోదు.

రెండవ కారణం ఫలితం కంటికి ఆనకపోవడం. ఈనాడు ఒక పాఠశాల, వచ్చే వారం మరొక వాడ, ఆపై వారం ర్యాలీ అన్నట్లుగా తిరిగే విద్యార్థికి, తాను చెప్పినది ఎవరికైనా అందినదో లేదో తెలిసే అవకాశమే లేదు. గంటలు మాత్రం రిజిస్టరులో పెరుగుతాయి. రైతు ఒకే చేను దున్ని, ఒకే చేనులో మొలక చూస్తాడు గనుకనే రెండవసారి నాగలి పట్టగలుగుతాడు. ప్రతిదినం కొత్త చేను దున్నమంటే ఏ రైతుకైనా విసుగు పుట్టక మానదు.

మూడవది పరీక్షలు, పండుగలు, ఇంటి పనులు. వీటిని గూర్చి ఎక్కువ చెప్పనక్కర లేదు; అవి ఎప్పుడూ ఉండేవే.

ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. మన ఉత్సాహం సన్నగిల్లే మాసాలే ఈ ప్రాంతంలో ప్రకృతి అత్యంత సంపన్నంగా ఉండే మాసాలు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు నైరుతి ఋతుపవనం ఇచ్చే వాన కొంత. అక్టోబరు, నవంబరు మాసాలలో ఈశాన్య ఋతుపవనం ఇచ్చే వాన మరికొంత. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపున ఈ రెండవ వానలే పెద్దవి. పడమటి మెరకన ఉన్న మదనపల్లె, పుంగనూరు వైపు వానలు తక్కువ. కనుక జూలైలో మనం పిల్లలకు చూపే చెరువు చాలాసార్లు ఎండిన మడుగు. నిజమైన చెరువు నవంబరు చివరికి గాని కనబడదు. మరవ పారినప్పుడు నీటి చప్పుడు, గట్టు క్రింద కొత్తగా పుట్టిన కప్పల సందడి, తూము వద్ద నిలబడిన కొక్కెరలు, రెక్కలు ఆరబెట్టుకొనే నీటికాకులు, ఇవన్నియు సంవత్సర మధ్యంలో వచ్చే పాఠాలు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరిన నేలపట్టులో, చెరువులోని చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచేది కూడ ఈ చలికాలంలోనే. సంక్రాంతి నాటికి మామిడి తోటలు పూతకు వస్తాయి. తరువాత చింత పండుతుంది, మోదుగ పూస్తుంది, ఉగాదికి వేప పూస్తుంది. అయినను మన కార్యక్రమాల పట్టికలో ఎండిన జూలై నిండుగాను, నిండిన డిసెంబరు ఖాళీగాను ఉంటున్నవి. పట్టికను తయారుచేసే పెద్దలు విద్యాసంవత్సరాన్ని చూస్తున్నారే గాని ఋతువును చూడటం లేదని నా అభిప్రాయం.

ఒకే చోటికి మరల మరల పోవడంలో ఏమి లాభమని అడిగేవారికి సలీం అలీ జీవితంలోని ఒక ఘట్టం మంచి సమాధానం. 1930 ప్రాంతంలో ఆయన బొంబాయిలో ఉద్యోగం లేని యువకుడు. జర్మనీలో పక్షిశాస్త్రం అభ్యసించి తిరిగివచ్చేసరికి, మ్యూజియంలో ఆయన చేసిన ఉద్యోగమే రద్దయినది. ఖర్చు తగ్గించుకొనుటకు భార్య తహమీనాతో కలిసి సముద్రతీరాన కిహీం అనే గ్రామంలో కాపురం పెట్టారు. ఆ ఇంటి దగ్గర ఒక చెట్టు నిండా గిజిగాడు గూళ్ళు. మన ప్రాంతంలో బావుల మీదికి వంగిన ఈత చెట్లకు, తుమ్మలకు వ్రేలాడే ఆ గూళ్ళను చూడనివారు లేరు. చూచినవారంతా ఎంత చక్కని అల్లిక అని మెచ్చుకొని వెళ్ళిపోయారు. సలీం అలీ వెళ్ళిపోలేదు. ఆ ఋతువంతా ఆ గూళ్ళనే కనిపెట్టి ఉన్నారు. మగపక్షి గూటిని సగం వరకు అల్లి ఆగుతుందనీ, ఆడపక్షి వచ్చి పరీక్షించి మెచ్చుకొన్న తరువాతనే మిగిలిన సగం పూర్తి చేస్తుందనీ, ఆ ఆడపక్షి గుడ్లు పెట్టి పొదుగుతుండగా మగపక్షి ప్రక్కనే మరొక గూటిని మొదలుపెట్టి మరొక ఆడపక్షిని పిలుస్తుందనీ తేల్చారు. 1931లో ప్రచురించిన ఆ పరిశీలన ఆయన పేరును నిలబెట్టింది. గూడు ఎవరికైనా కనబడుతుంది. సగంలో ఆగిన గూడు ఎందుకు ఆగినదో తెలియాలంటే మరునాడు కూడ రావలెను. అదే సంవత్సరం ఆయన హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వేక్షణకు బయలుదేరి మన తెలుగునాట కూడ తిరిగినారు.

రెండవ ఉదాహరణకు అంత దూరం పోనక్కర లేదు. 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉండిన మదనపల్లె, తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి జన్మించిన ఊరు. ఆ ఊరికి దగ్గరలో ఆయన ఆశయాల మేరకు ఏర్పడిన ఋషివ్యాలీ పాఠశాల కలదు. బోడిగుట్టల నడుమ వాన తక్కువైన లోయ అది. అక్కడివారు దశాబ్దాల తరబడి చెట్లు పెంచి, నేలను కాపాడి, 1991లో ఆ లోయను పక్షి సంరక్షణ స్థలంగా ప్రకటించుకొన్నారు. అరుదైన పసుపుగొంతు పిగిలిపిట్ట అచ్చటి రాళ్ళగుట్టలలో కనబడుతుంది. కాని మన విషయానికి అంతకంటె ముఖ్యమైనది ఆ పాఠశాల చుట్టుప్రక్కల పల్లెలలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల నుండి నడిపిన చిన్న బడులు. ఒక్క గది, ఒకే ఉపాధ్యాయుడు, వేర్వేరు తరగతుల పిల్లలు. ఉపాధ్యాయులు చాలావరకు ఆ పల్లెల యువకులే. బడి చుట్టూ చెట్లు, పాదులు. పాఠాలలో ఆ ఊరి పాటలు, కథలు, మొక్కలు. పెద్ద పాఠ్యపుస్తకాన్ని వారు చిన్న చిన్న అట్టలుగా విడదీశారు. ఒక్కొక్క అట్టకు ఒక బొమ్మ గుర్తు. ఆ అట్టలన్నింటి వరుసను నిచ్చెన రూపంలో గోడమీద ఉంచారు. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో తానే చూచుకొని, తరువాతి అట్టను తానే తెచ్చుకొంటాడు. జ్వరం వచ్చి పది దినాలు రాకపోయినా, వేరుసెనగ కోతకు తల్లితో పోయినా, తిరిగివచ్చి ఆగిన మెట్టు నుండియే మొదలుపెడతాడు.

ఈ పద్ధతిని 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు వచ్చి చూచి, తమ రాష్ట్రంలో 'నలి-కలి' అనే పేరుతో మలచుకొన్నారు. చెన్నపట్నం కార్పొరేషను బడులకు కూడ ఇది చేరినది. విద్యావేత్తలు దీనిని పిల్లల కొరకు పుట్టిన పద్ధతిగా వర్ణిస్తారు. ఇది ఉపాధ్యాయుని కొరకు కూడ పుట్టినదని నేనంటాను. మారుమూల పల్లెలో, ఇన్‌స్పెక్టరు రాని చోట, మెచ్చుకొనేవారు లేని చోట, ఒంటరి ఉపాధ్యాయుడు ఏడాది పొడవునా నిలబడగలిగినాడంటే, సాయంత్రం తలుపు మూసే ముందు గోడమీది నిచ్చెనను చూచి, ఫలానా పిల్ల నేడు రెండు మెట్లు ఎక్కినదని తెలుసుకోగలగడం అందుకు ఒక కారణమై ఉండవలెను.

మన విద్యార్థులకు కావలసినది అటువంటి నిచ్చెన. దానికి ధనం అక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలును. ఇద్దరు విద్యార్థులు, ఒక బడి, పదిహేనుమంది పిల్లలు, నడచిపోగల దూరంలో ఒక చెరువో తోపో. ఏడాదంతా అదే. ప్రతివారం తేదీ వేసి, నీరు గట్టు మీది ఏ రాతి వరకు ఉన్నది, ఏ చెట్టు ఆకు రాల్చినది, ఏ పక్షి వచ్చినది, ఏ పిల్లవాడు ఏమి అడిగినాడు అన్నది నాలుగు పంక్తులలో వ్రాయవలెను. జూలైలో ఈ వ్రాత వెలితిగా, కొంచెం హాస్యాస్పదంగా కూడ తోచవచ్చు. డిసెంబరులో వెనుకకు త్రిప్పి చూచినప్పుడు గాని దాని విలువ తెలియదు. అప్పుడు మోకాలి లోతున్న నీరు నేడు రెండవ మెట్టు దాటినదనీ, అప్పుడు అన్నింటినీ 'పిట్ట' అని పిలిచిన పిల్ల నేడు ఏడెనిమిది పేర్లు చెప్పుచున్నదనీ ఆ పుస్తకమే చెప్పుతుంది.

మన కళాశాలకు ఇక్కడ ఇతరులకు లేని సౌకర్యం ఒకటి కలదు. మన పిల్లలలో కొందరిది ఉర్దూ, కొందరిది తెలుగు. నోటుపుస్తకంలో రెండు వరుసలు గీసి వేప ఎదుట నీమ్, చింత ఎదుట ఇమ్లీ, మర్రి ఎదుట బర్గద్, గోరింక ఎదుట మైనా, పిగిలిపిట్ట ఎదుట బుల్‌బుల్, గిజిగాడు ఎదుట బయా, కూకుడుగువ్వ ఎదుట హుద్‌హుద్ అని వ్రాసుకొంటూ పోవచ్చు. కొన్నింటికి ఒక భాషలో పేరు దొరకదు. ఆ పేరు కోసం పిల్లలు ఇంటికి పోయి నాయనమ్మను, నానీని అడుగుతారు. కొండకు పోయి కట్టె తెచ్చిన వృద్ధులకు తెలిసినన్ని పేర్లు పట్టభద్రులకు తెలియవు. ఆ విధంగా ఖాళీగా మిగిలిన ఒక్కొక్క గడి వచ్చే వారానికి పనిని తానే పుట్టిస్తుంది. పనే పనిని పుట్టిస్తుంటే ఉత్సాహాన్ని గూర్చి ఉపన్యాసాలు అవసరం ఉండదు.

ఇద్దరుగా ఉండవలెనని పైన అన్నాను. దీనికి కారణమున్నది. 1920లో అలీగఢ్‌లో పుట్టి 1925లో ఢిల్లీకి మారిన జామియా మిల్లియా ఇస్లామియా, 1927 చివర హకీం అజ్మల్ ఖాన్ మరణంతో మూతపడే స్థితికి వచ్చినది. అప్పుడు జాకిర్ హుస్సేన్, ఆయన సహోపాధ్యాయులు కొందరు కలిసి, నెలకు 150 రూపాయలకు మించని జీతంతో ఇరవై సంవత్సరాలు పనిచేయుదుమని ప్రతిజ్ఞ పూనినారు. ఆయన 1926 నుండి 1948 వరకు ఆ సంస్థను వదలలేదు. ఆయన ఒక్కరే మనసులో అనుకొని ఉంటే ఎన్నాళ్ళు సాగేదో! పదిమంది ఎదుట, పదిమందితో కలిసి పూనిన మాట గనుక, ఒకరు అలసిన నాడు మరొకరు నిలబడినారు. మన విద్యార్థులను అంత కఠినమైన ప్రతిజ్ఞకు ఎవరూ పిలువడం లేదు. తోడు లేనివాడు మానివేయడం సులభం, తోడున్నవాడికి కనీసం చెప్పి మానవలసి వస్తుంది, అంతవరకే ఇక్కడ ప్రస్తావన.

మొక్కల సంగతి వేరుగా చెప్పవలెను, ఏలననగా మన అలసట అక్కడ నేరుగా ప్రాణాలు తీస్తుంది. వానకాలంలో నాటిన కానుగ గాని, వేప గాని డిసెంబరు వరకు మన సహాయం లేకనే బ్రతుకుతుంది. దానికి నీరు కావలసినది ఫిబ్రవరి నుండి జూన్ వరకు. ఆ మొదటి వేసవి దాటిన మొక్కకు తరువాత పెద్దగా భయం లేదు. నాటిన దినాన ముఖ్య అతిథులు వస్తారు. మార్చిలో బిందెతో నీరు పోసే దినాన ఎవరూ రారు. చిల్లుపడిన పాత మట్టికుండను మొక్క ప్రక్కన పాతి, చిల్లులో గుడ్డవత్తి పెట్టి, వారానికి రెండు పర్యాయాలు నింపితే నీరు మెల్లగా వేరుకు అందుతుంది. చుట్టూ తుమ్మకంప వేస్తే మేకలు ముట్టవు. వంద మొక్కలు నాటి పది బ్రతికించుకొనడం కంటె, ఇరవై నాటి పదిహేను బ్రతికించుకొనడం మేలని కమిటీవారు అంగీకరించగలిగితే, నివేదికలో అంకె చిన్నదైనను నేలమీద నీడ పెద్దదవుతుంది. పిల్లల చేత ఆ మొక్కల ఎత్తును నెలకొకసారి దారంతో కొలిపించి, దారాలను వరుసగా గోడకు కట్టించడం మరొక నిచ్చెన.

ఈ పని సగంలో ఆగినందువలన కలిగే నష్టం మొక్కలతోనే పోదు. మన ఉర్దూ విభాగపు విద్యార్థినులలో పలువురికి, కళాశాల గోడ దాటి బయటి పనికి పోవుటకు ఇంటిలో అనుమతి దొరకడమే ఒక పెద్ద ప్రయత్నం. తండ్రి సంశయిస్తాడు, అన్న ప్రశ్నిస్తాడు, చివరకు తల్లి మాట సాయంతో సరేనంటారు. అంత కష్టపడి పొందిన అనుమతితో అమ్మాయి ఆగస్టు నుండి నవంబరు వరకు పోయి, డిసెంబరులో కార్యక్రమమే నిలిచిపోతే, ఆ ఇంటివారు ఏమనుకొంటారు? "ఇదంతా నాలుగు దినాల ముచ్చట" అనుకొంటారు. మరుసటి ఏడు చెల్లెలు అడిగితే ఆ మాటే అడ్డుపడుతుంది. అవతల, ప్రతి శనివారం బడి గేటు వద్ద నిలబడి దారి చూచే మూడవ తరగతి పిల్లలున్నారు. వారికి రిజిస్టరు తెలియదు. అక్క వచ్చినదా, రాలేదా అన్నదే వారికి తెలుసు. రెండు వారాలు రాకపోతే మూడవ వారం వారు గేటు వద్దకు రారు.

కనుక కమిటీ పెద్దలకు కొన్ని విన్నపాలు. ఆగస్టులో ఖర్చు చేసే మొత్తంలో సగమైనా జనవరికి నిలువ ఉంచవలెను. చెరువులు నిండిన నవంబరు, డిసెంబరు మాసాలలో ఒక్క ఆదివారమైనా నేలపట్టుకో తలకోనకో బస్సు ఏర్పాటు చేయవలెను. అది విహారమని కాక, నోటుపుస్తకాలు నింపిన జట్లకు, వారి బడి పిల్లలకు కూడ చోటు కల్పించవలెను. విద్యార్థినుల జట్లు ఇంటికి దగ్గరి బడినే ఎంచుకొనే స్వేచ్ఛ ఇవ్వవలెను. అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన వారంలో సమావేశం పెట్టి, ఎన్ని గంటలు అయినవని కాక, జూలై నుండి ఏమి మారినదని ప్రతి జట్టును అడగవలెను. చెప్పుటకు ఏమీ లేని జట్టును మందలించనక్కర లేదు. వారికి అప్పగించిన చోటు సరిగా ఉన్నదో లేదో పరిశీలించవలెను. చాలాసార్లు లోపం అక్కడే బయటపడుతుంది.

రంజాన్ మాసం ఏటా సుమారు పదకొండు దినాలు ముందుకు జరుగుతూ, ఇటీవలి సంవత్సరాలలో ఫిబ్రవరి, మార్చి మాసాలలో వస్తున్నది. సరిగా మొక్కలకు నీరు అవసరమయ్యే కాలమది. ఉపవాసమున్న విద్యార్థులను మధ్యాహ్నపు ఎండలో బిందెలు మోయించరాదు. సహరీ, ఫజర్ ముగిసిన తరువాతి చల్లని వేళ పక్షులను చూచుటకు అన్నింటికంటె మంచి సమయం గనుక, ఆ మాసంలో వారికి పరిశీలన, నోటుపుస్తకం పని అప్పగించి, నీటి పనిని తక్కిన మిత్రులు తీసుకొనవచ్చు. సంక్రాంతికి ఊళ్ళకు పోయే మిత్రుల వంతును జనవరిలో వీరు చూచుకొంటారు. ఏప్రిల్ చివర కళాశాల మూసిన తరువాత మే మాసమంతా కుండలు నింపేదెవరన్నది ఇప్పటినుండే తేల్చుకొనవలసిన ప్రశ్న. బడికి దగ్గర నివసించే రెండవ సంవత్సరపు విద్యార్థుల పేర్లు, మొక్కల సంఖ్య, నీరు దొరికే బావి లేక కుళాయి చోటు వ్రాసిన పట్టికను మార్చి ఆఖరులోగా కార్యాలయపు గోడమీద అంటించి ఉంచితే, జూన్‌లో వచ్చే కొత్త విద్యార్థులు ఆ మొక్కల దగ్గర నుండియే తమ మొదటి పుటను వ్రాయడం మొదలుపెట్టవచ్చును.